మడమ వెనుక తాడు: అకిలిస్ టెండన్ నొప్పి – కారణాలు, రకాలు

మన ఇళ్ళలో కాలి నొప్పులకు పేర్లు తక్కువ. మోకాలి కింద ఎక్కడ నొప్పి పుట్టినా ‘కాలు లాగుతోంది’ అంటాం. పాదం దగ్గరైతే ‘మడమ శూల’ అనేస్తాం. పేరు ఒకటే కాబట్టి వైద్యం కూడా ఒకటే: వేడినీళ్ళు, ఏదో ఒక పూతమందు, రెండు రోజుల విశ్రాంతి. కానీ మడమ కింద వచ్చే నొప్పి వేరు, మడమ వెనుక వచ్చే నొప్పి వేరు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే అరికాలిలో మేకు గుచ్చినట్లుంటే అది చాలావరకు అరికాలి పొరకు సంబంధించినది. చీలమండ వెనుక, చెప్పు పట్టీ తగిలే చోట గానీ, దానికి రెండు మూడు వేళ్ళ పైన గానీ నొప్పి ఉంటే అది అకిలిస్ టెండన్‌కు సంబంధించినది కావచ్చు. ఈ వ్యాసం ఆ రెండోదాని గురించి.

నేను వైద్యుణ్ణి కాను, మీలాగే బ్యాంకు ఉద్యోగిని. గత రెండేళ్ళలో మా ఇంట్లో ఒకరికి, మా శాఖలో ఒకరికి ఈ టెండన్ బాధ వచ్చింది. ఒకరికి నెమ్మదిగా ముదిరింది, మరొకరికి ఒక్క క్షణంలో తెగింది. ఇద్దరి వైద్యుల దగ్గరా, ఫిజియోథెరపిస్టుల దగ్గరా అడిగి తెలుసుకున్నది, ఆ తర్వాత చదివి సరిచూసుకున్నది మన కుటుంబాలకు పనికొస్తుందని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ఏమిటీ తాడు?

మన పిక్కలో రెండు పెద్ద కండరాలున్నాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గాస్ట్రోక్నీమియస్, దాని అడుగున ఉండేది సోలియస్. ఈ రెండూ కిందికి వచ్చేసరికి ఒకే తాడుగా కలిసి మడమ ఎముక వెనుక భాగానికి అతుక్కుంటాయి. కండరాన్ని ఎముకతో కలిపే ఇలాంటి తాడును మన పాఠ్యపుస్తకాలు స్నాయుబంధనం అంటాయి, వైద్యులు టెండన్ అంటారు. శరీరంలోని టెండన్లన్నిటిలో ఇది మందమైనది, బలమైనది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. చీలమండ వెనుక బొటనవేలు, చూపుడువేలు పెట్టి పట్టుకుంటే గట్టిగా తగిలేది అదే.

మునివేళ్ళ మీద లేచి అటక మీది డబ్బా అందుకోవాలన్నా, మెట్లెక్కాలన్నా, కదిలిన బస్సు వెంట పరుగెత్తాలన్నా ఈ తాడే మడమను పైకి లాగాలి. మామూలుగా నడిచేటప్పుడు దీనిమీద మన బరువుకు మూడు నాలుగు రెట్ల లాగుడు పడుతుంది. పరుగెత్తితే ఆరు నుంచి ఎనిమిది రెట్ల దాకా వెళ్తుంది. అంటే 70 కిలోల మనిషి పరుగెత్తితే అడుగడుగునా 400 కిలోలకు పైగా బరువు ఈ తాడు మోస్తోందన్నమాట.

అకిలిస్ అన్న పేరు గ్రీకు వీరుడిది. తల్లి అతణ్ణి పసివాడిగా ఉన్నప్పుడు మడమ పట్టుకుని స్టిక్స్ నదిలో ముంచిందట. నీళ్ళు తగిలిన ఒళ్ళంతా వజ్రమైంది, చేయి అడ్డుపడిన మడమ ఒక్కటీ మామూలుగా మిగిలింది. చివరికి ఆ మడమకే బాణం తగిలింది. మనవాళ్ళు చెప్పుకునే గాంధారి చూపు, దుర్యోధనుడి తొడల కథ లాంటిదే ఇదీ. ఫ్లెమిష్ వైద్యుడు ఫిలిప్ వెర్హేయన్ 1693లో ప్రచురించిన తన శరీరశాస్త్ర గ్రంథంలో ఈ తాడుకు ఆ వీరుడి పేరు వాడాడు. అదే నిలిచిపోయింది.

ఇంత బలమైన తాడుకూ ఒక బలహీనత ఉంది. కండరంతో పోలిస్తే టెండన్‌కు రక్తసరఫరా తక్కువ. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన ఉన్న భాగంలో అది ఇంకా తక్కువ. అందుకే అరిగితే బాగుపడడానికి రోజులు కాదు, నెలలు పడుతుంది.

నొప్పి ఎలా మొదలవుతుంది?

మూలసూత్రం మన అప్పుల విభాగంలో అందరికీ తెలిసినదే. తీర్చే శక్తిని మించి భారం పడితే ఖాతా ఇబ్బందుల్లో పడుతుంది. టెండన్ కూడా అంతే. రోజూ పడే భారానికి అది అలవాటు పడుతుంది. మధ్యలో విశ్రాంతి ఇస్తూ భారాన్ని కొద్దికొద్దిగా పెంచితే ఇంకా గట్టిపడుతుంది. ఒక్కసారిగా పెంచితేనే తట్టుకోలేదు.

ఇంకో పోలిక కూడా కుదురుతుంది. అప్పు ఖాతా రాత్రికి రాత్రే మొండి బాకీ కాదు. వాయిదా తప్పిన రోజులను బట్టి ఎస్ఎంఏ–0, ఎస్ఎంఏ–1, ఎస్ఎంఏ–2 అని గుర్తిస్తాం. 90 రోజులు దాటితేనే ఎన్‌పీఏ. టెండన్‌లో కూడా వైద్యులు ఇలాంటి దశలే చెబుతున్నారు. మొదటి దశలో తాడు కాస్త ఉబ్బి, పొద్దునపూట బిగుసుకుంటుంది. నాలుగడుగులు వేస్తే వదులవుతుంది. ఈ దశలో భారం తగ్గిస్తే వెనక్కి మళ్ళుతుంది. రెండో దశలో లోపలి కొల్లాజెన్ పోగుల వరుస చెదరడం మొదలవుతుంది. మూడో దశలో కొన్నిచోట్ల పోగులు క్షీణించి, తాడు లావెక్కి, చేతికి గడ్డలా తగులుతుంది. అప్పుడు కూడా దారి మూసుకుపోదు. క్షీణించిన పోగులు పూర్తిగా మొదటిలా కాకపోయినా, చుట్టూ ఉన్న మంచి పోగులను బలపరచి నొప్పి తగ్గించుకోవచ్చు. కాకపోతే వసూలుకు చాలా కాలం పడుతుంది.

ఇదివరకు దీన్ని టెండనైటిస్ అనేవారు, అంటే తాడు వాచిందని అర్థం. నెలల తరబడి ఉండే నొప్పిలో వాపు కంటే పోగుల క్షీణతే ఎక్కువని తేలాక టెండినోపతి అంటున్నారు. ఇది పేరు మార్పు మాత్రమే కాదు. వాపు తగ్గించే మాత్రలు వేసుకున్నప్పుడు నొప్పి తగ్గి, ఆపగానే తిరిగి వచ్చేది ఇందువల్లే.

ఐదుసార్లు ‘ఎందుకు?’

మేనేజ్‌మెంట్ చదువులో టయోటా కంపెనీ పద్ధతి ఒకటి నేర్పిస్తారు. సమస్య ఎదురైతే ‘ఎందుకు?’ అని వరుసగా ఐదుసార్లు అడగాలి. మా ఆవిడ ఉపాధ్యాయురాలు. ఆమెకు కుడి మడమ వెనుక నొప్పి మొదలైనప్పుడు ఫిజియోథెరపిస్టు అడిగిన ప్రశ్నలు సరిగ్గా ఈ పద్ధతిలోనే నడిచాయి.

నొప్పి ఎందుకు? టెండన్ మధ్యభాగం లావెక్కింది. ఎందుకు? దానిమీద భారం పెరిగింది. ఎందుకు? ఎప్పుడూ పెద్దగా నడవని మనిషి వారం రోజుల్లో రోజుకు గంట నడకకు, దానితోపాటు మూడంతస్తుల మెట్లకు దిగింది. ఎందుకు? వైద్య పరీక్షలో షుగర్ సరిహద్దు దాటిందని తేలింది. చివరి ప్రశ్న: ఆ నడక ఆమె కాలికి ఎందుకు ఎక్కువైంది? ఏళ్ళ తరబడి తరగతి గదిలో నిలబడే పని, సాయంత్రానికి బిగుసుకుపోయే పిక్కలు, వెనుక పట్టీ లేని పలచటి చెప్పులు. పైగా షుగర్ కూడా టెండన్ పోగులను బిరుసెక్కిస్తుంది.

నడక మంచిదే. ఆమెకు నడక మానమని ఎవరూ చెప్పలేదు, పెంచిన వేగాన్ని మాత్రం తగ్గించమన్నారు. షుగర్ రిపోర్టు చూసి మర్నాడే బూట్లు కొనుక్కునేవాళ్ళు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

భారం కాక మరేవి కారణాలు?

వయసు: 30 దాటాక టెండన్ సాగే గుణం నెమ్మదిగా తగ్గుతుంది. వారమంతా కుర్చీలో ఉండి ఆదివారం ఒక్కరోజు మైదానంలోకి దిగేవాళ్ళకు ముప్పు ఎక్కువ.

అధిక బరువు, షుగర్: రెండూ తాడును బలహీనపరుస్తాయి, మానడాన్ని ఆలస్యం చేస్తాయి.

కొన్ని మందులు: సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినలోన్ జాతి యాంటీబయాటిక్స్ వల్ల కొందరిలో టెండన్ దెబ్బతింటుంది, అరుదుగా తెగుతుంది కూడా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఈ మందుల మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. 60 దాటినవారికి, స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడుతున్నవారికి ప్రమాదం ఎక్కువ. విరేచనాలకో మూత్రంలో మంటకో మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఇవి ఉంటాయి. వాడుతున్నప్పుడు మడమ వెనుక నొప్పి మొదలైతే వెంటనే వైద్యుడికి చెప్పాలి.

కొలెస్ట్రాల్: కొన్ని కుటుంబాల్లో చెడ్డ కొలెస్ట్రాల్ పుట్టుకతోనే చాలా ఎక్కువగా ఉంటుంది. అది టెండన్లలో పేరుకుని, రెండు కాళ్ళలోనూ మడమ వెనుక తాడు లావుగా, గడ్డలుగా కనిపిస్తుంది. అలాంటివారికి చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే ఒక్కో బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం. కాబట్టి రెండు తాళ్ళూ లావెక్కాయంటే లిపిడ్ పరీక్ష చేయించుకోవాలి. కొలెస్ట్రాల్ ఎక్కువని తేలితే ఇంట్లో మిగతావాళ్ళకూ చేయించాలి. మడమ దగ్గరి గుర్తు గుండెను కాపాడిన సందర్భం అవుతుంది.

కీళ్ళ జబ్బులు: 45 లోపు వయసులో నడుము నొప్పి, పొద్దున అరగంటకు పైగా బిగుతు, కదిలితే తగ్గడం, వీటితోపాటు మడమ వెనుక నొప్పి కూడా ఉంటే అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ జాతి జబ్బు కావచ్చు. రుమటాలజిస్టుకు చూపించాలి.

పాదరక్షలు: వెనుక భాగం గట్టిగా ఉండే ఆఫీసు బూట్లు మడమను రాస్తాయి. ఏళ్ళ తరబడి ఎత్తు మడమల చెప్పులు వాడితే పిక్క కండరం పొట్టిపడుతుంది. అలాంటివారు ఒక్కసారిగా పలచటి చెప్పులకు మారితే తాడు సాగి నొప్పెడుతుంది.

రకాలు: ఎక్కడ నొప్పి అన్నదే మొదటి ఆధారం

1. మధ్యభాగపు టెండినోపతి: మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి. వేళ్ళతో నొక్కితే తెలుస్తుంది. పొద్దున బిగుతు, నడక మొదట్లో నొప్పి, తర్వాత ఉపశమనం, ఆగాక మళ్ళీ నొప్పి. ఎక్కువమందిలో కనిపించేది ఇదే.

2. అతుకు దగ్గరి టెండినోపతి: తాడు ఎముకకు అతుక్కునే చోట, సరిగ్గా మడమ వెనుక నొప్పి. ఎక్స్‌రేలో అక్కడ ముల్లులాంటి ఎముక పెరుగుదల కనిపించవచ్చు. నొప్పి లేనివాళ్ళలోనూ ఆ ముల్లు ఉంటుంది కాబట్టి దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు నొప్పి పెరుగుతుంది.

3. బర్సైటిస్: తాడుకూ ఎముకకూ మధ్య రాపిడి తగలకుండా బర్సా అనే చిన్న నీటి తిత్తి ఉంటుంది. అది వాస్తే తాడుకు రెండు పక్కలా ఉబ్బుతుంది. కొందరిలో మడమ ఎముక పైఅంచు పుట్టుకతోనే ఉబ్బెత్తుగా ఉంటుంది. దీన్ని హాగ్లండ్ వైకల్యం అంటారు. ఆ ఉబ్బుకు బూటు అంచు తగిలి చర్మం ఎర్రబడుతుంది.

4. తాడు చుట్టూ ఉన్న పొర వాపు: కొత్తగా ఎక్కువ పరుగెత్తినప్పుడు వస్తుంది. పాదం ఆడిస్తుంటే చేతికి కిరకిరమన్నట్టు తగలవచ్చు.

5. పిల్లల్లో సీవర్ వ్యాధి: 8 నుంచి 14 ఏళ్ళ పిల్లలు, ముఖ్యంగా పరుగులు, ఆటలు ఎక్కువగా ఉన్నవాళ్ళు, మడమ నొప్పి అని కుంటుతుంటే బడి ఎగ్గొట్టే సాకు అనుకోకండి. ఆ వయసులో మడమ ఎముకలో ఎదుగుదల భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. తాడు లాగుడుకు అక్కడ నొప్పి వస్తుంది. ఆట కొంత తగ్గిస్తే, మెత్తటి బూట్లు వేస్తే సర్దుకుంటుంది. ఎముక గట్టిపడ్డాక పూర్తిగా పోతుంది.

6. తాడు తెగడం: దీన్ని విడిగా చెప్పుకోవాలి.

‘వెనుక నుంచి ఎవరో కొట్టారు’

మా శాఖలో హెడ్ క్యాషియర్‌గా ఉన్న సహోద్యోగి ఒక ఆదివారం షటిల్ ఆడుతూ, వెనక్కి వేసిన అడుగును ముందుకు తోసేలోపల పడిపోయారు. తిరిగి చూసి, ‘ఎవరయ్యా కాలిమీద బ్యాటుతో కొట్టింది?’ అని అడిగారట. వెనుక ఎవరూ లేరు. టెండన్ తెగినవాళ్ళు చాలామంది ఇదే మాట చెబుతారు: వెనుక నుంచి తన్నినట్లు, ‘టప్’మని చప్పుడు వచ్చినట్లు. మొదట చూసినచోట బెణుకు అని కట్టు కట్టి పంపారు. కాస్త కుంటుతూ నడవగలగడంతో ఆయన కూడా నమ్మారు. మూడు వారాల తర్వాత మెట్లెక్కలేక మరో వైద్యుడి దగ్గరికి వెళితే అసలు సంగతి తెలిసింది. ఆలస్యం వల్ల తెగిన కొసలు దూరం జరిగి, ఆపరేషన్ పెద్దదైంది. క్యాష్ కౌంటర్‌కు తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటి. తాడు పూర్తిగా తెగినా పాదం కొంత కదులుతుంది, మనిషి కుంటుతూ నడవగలడు. వేరే చిన్న కండరాలు ఆ పని చేస్తాయి. ‘నడుస్తున్నాడు కదా, తెగి ఉండదు’ అన్న మాట నమ్మదగ్గది కాదు. వైద్యులు చేసే పరీక్ష చాలా సులువు. బోర్లా పడుకోబెట్టి, పాదం బల్ల అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్కను చేత్తో పిసుకుతారు. తాడు బాగుంటే పాదం కిందికి వంగుతుంది. తెగితే కదలదు. దీన్ని థాంప్సన్ పరీక్ష అంటారు. ఒంటికాలి మునివేళ్ళ మీద లేవలేకపోవడం, మడమ పైన వేలు పెడితే గుంటలా తగలడం కూడా గుర్తులే. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ తీస్తారు.

తెగిన ప్రతి తాడుకూ ఆపరేషనే దిక్కు కాదు. తొందరగా గుర్తిస్తే, మునివేళ్ళు కిందికి ఉండేలా ప్రత్యేక బూటు వేసి క్రమపద్ధతిలో నడిపిస్తూ కూడా నయం చేస్తారు. ఏది మేలో వయసు, పని, ఆటలను బట్టి వైద్యుడు నిర్ణయిస్తారు. కానీ ఆ ఎంపిక చేతిలో ఉండాలంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే చూపించుకోవాలి.

తెగకుండానే ఆపరేషన్ దాకా వెళ్ళే సందర్భాలూ ఉన్నాయి. 2023 ప్రపంచకప్‌లో 24 వికెట్లు తీసిన మహమ్మద్ షమీ 2024 ఫిబ్రవరిలో ఈ టెండన్‌కు శస్త్రచికిత్స చేయించుకున్నారు. రంజీ మ్యాచ్‌తో తిరిగి మైదానంలోకి వచ్చింది ఆ ఏడాది నవంబరులో. అన్ని వసతులూ ఉన్న క్రీడాకారుడికే తొమ్మిది నెలలు పట్టిందంటే మనం ఎంత ఓపిక పట్టాలో ఊహించుకోవచ్చు.

వైద్యం: విశ్రాంతి కాదు, క్రమంగా భారం

స్వీడన్‌కు చెందిన ఆర్థోపెడిక్ వైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కు తనకే ఈ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదట. తాడు తెగితే తప్పక చేస్తారు కదా అని, నొప్పి కాలిమీదే బరువు వేసి మడమను కిందికి దించే వ్యాయామం పట్టుబట్టి చేశారని చెబుతారు. తాడు తెగలేదు, నొప్పి పోయింది! 1998లో ఆయన బృందం ఇదే వ్యాయామాన్ని నొప్పితో పరుగు ఆపేసిన 15 మందితో చేయించి, 12 వారాల్లో అందరూ మళ్ళీ పరుగెత్తారని ప్రచురించింది.

పద్ధతి ఇది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, గోడనో కమ్మీనో పట్టుకుని, రెండు కాళ్ళతో పైకి లేవాలి. బరువును నొప్పి ఉన్న కాలిమీదికి మార్చి, మడమను నెమ్మదిగా మెట్టు కంటే కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున 3 విడతలు, కాస్త వంచి మరో 3 విడతలు. రోజుకు రెండుసార్లు, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. అందరూ అక్కడే మొదలుపెట్టనక్కర్లేదు. ఫిజియోథెరపిస్టు మన శక్తిని చూసి తక్కువతో మొదలుపెట్టిస్తారు. అతుకు దగ్గర నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదు, నేలమీదే చేయాలి. కిందికి దించితే తాడు ఎముకకు ఒత్తుకుని నొప్పి పెరుగుతుంది. రకం తెలుసుకోవాలని ఇంతగా చెబుతున్నది అందుకే.

వ్యాయామంలో కొంత నొప్పి ఉండటం సహజం. పదికి నాలుగైదు మించకుండా ఉండి, మర్నాటి పొద్దుటికి సర్దుకుంటే సరిపోయిందని లెక్క. మర్నాడు బిగుతు పెరిగితే తగ్గించుకోవాలి. బూటులో మడమ కింద చిన్న మెత్త పెట్టుకుంటే తాడు మీద లాగుడు తగ్గుతుంది. గ్రానైట్, మార్బుల్ గచ్చు ఉన్న ఇంట్లో మెత్తటి చెప్పులు వాడాలి. నొప్పి ఉన్నన్నాళ్ళు పరుగు, గెంతులు మాని సైకిల్‌కో ఈతకో మారవచ్చు. ఆరు నెలలు సక్రమంగా చేసినా తగ్గకపోతే షాక్‌వేవ్ చికిత్స, శస్త్రచికిత్స గురించి వైద్యుడితో మాట్లాడాలి. తాడులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడాన్ని సాధారణంగా వైద్యులు వద్దంటారు. నొప్పి తగ్గినా తాడు బలహీనపడి తెగే ప్రమాదం ఉంటుంది.

మా ఆవిడకు నాలుగో నెలకు పొద్దున బిగుతు పోయింది. ఇప్పుడు రోజుకు 40 నిమిషాలు నడుస్తోంది. అక్కడికి చేరడానికి వారానికి ఐదేసి నిమిషాలే పెంచుకుంటూ వచ్చింది. షుగర్ కూడా అదుపులో ఉంది.

వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిన గుర్తులు

– చప్పుడుతో, వెనుక నుంచి దెబ్బ తగిలినట్లు హఠాత్తుగా వచ్చిన నొప్పి.
– ఒంటికాలి మునివేళ్ళ మీద లేవలేకపోవడం.
– పిక్క మొత్తం వాచి, వేడిగా ఉండి నొప్పెట్టడం. ఇది టెండన్ కాకుండా రక్తనాళంలో గడ్డ కావచ్చు. ఆయాసం కూడా తోడైతే అత్యవసరం.
– జ్వరం, మడమ దగ్గర ఎరుపు. షుగర్ ఉన్నవారు అసలు ఆగకూడదు.
– యాంటీబయాటిక్ వాడుతుండగా మొదలైన నొప్పి.
– రెండు కాళ్ళలోనూ తాడు లావెక్కడం.

ఈ వ్యాసం అవగాహన కోసమే, వైద్యుడి సలహాకు బదులు కాదు. వైద్యుడి దగ్గరికి వెళ్ళేముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: నొప్పి సరిగ్గా ఎక్కడ, ఎప్పటి నుంచి, అంతకు ముందు నెలలో నడకలో గానీ ఆటలో గానీ చెప్పుల్లో గానీ ఏం మారింది, వాడుతున్న మందులేమిటి. ఈ నాలుగూ చేతిలో ఉంటే సగం రోగనిర్ధారణ అయినట్లే. క్రీడాపోటీలకు పేర్లు ఇచ్చే మిత్రులకు ఒక విన్నపం: పోటీకి ఆరు వారాల ముందే సాధన మొదలుపెట్టండి. పిక్కలు సిద్ధమయ్యాకే మైదానంలోకి దిగండి.